బోర్డు పాడైందా? ముందు ఛార్జర్ చూడండి



సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గరపడే కొద్దీ కంప్యూటర్ ల్యాబ్‌కు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "సార్, మావాడి రాస్ప్‌బెర్రీ పై పాడైపోయింది. పది నిమిషాలకోసారి ఆగిపోతోంది. కొత్తది కొనేయమంటారా?" అని. కొనేయకండి. ఇలా వచ్చిన బోర్డుల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. లోపం ఛార్జర్‌లోనో, కేబుల్‌లోనో, మెమరీ కార్డులోనో, ప్రోగ్రామ్‌లోని ఒక్క లైనులోనో ఉంటుంది. అది దొరికేలోపే ఇంట్లో రెండు నష్టాలు జరిగిపోతాయి. వేల రూపాయలు పెట్టి ఇంకో బోర్డు కొంటారు, ఒకటి. రెండోది దానికంటే పెద్దది. పిల్లవాడు "నాకు కోడింగ్ రాదు" అని నిర్ణయించేసుకుంటాడు. నాసిరకం కేబుల్ చేసిన తప్పుకు పదమూడేళ్ల పిల్లవాడు తనను తాను ఫెయిల్ చేసుకుంటాడన్నమాట.

ఈ చిన్న కంప్యూటర్ 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి మార్కెట్‌లోకి వచ్చింది. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లలకు ప్రోగ్రామింగ్ అనుభవం ఏటికేడు తగ్గిపోతోందని గమనించిన ఎబెన్ ఆప్టన్, ఆయన సహచరులు కలిసి దీన్ని తయారుచేశారు. ధర తక్కువగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. పిల్లలు భయపడకుండా చెయ్యిపెట్టాలంటే వస్తువు ఖరీదైనది కాకూడదు కదా. అందుకే ఏటీఎం కార్డంత బోర్డులో కంప్యూటర్ మొత్తం ఇమిడిపోయింది. ల్యాప్‌టాప్‌లో ఉండే కొన్ని రక్షణలు మాత్రం ఇందులో లేవు. బ్యాటరీ లేదు. హార్డ్ డిస్క్ బదులు వేలిగోరంత మెమరీ కార్డు. బోర్డు మధ్యమధ్యలో ఆగిపోవడానికి కారణాలు చాలావరకు ఈ రెండు లోట్ల దగ్గరే ఉంటాయి.

ఏది ఆగింది?

పిల్లలు అన్నిటికీ కలిపి ఒకే మాట వాడతారు: "హ్యాంగ్ అయింది." మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "సరిగ్గా ఏది ఆగింది?" అని. బోర్డు మొత్తం ఆరిపోయి మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అయిందా? స్క్రీన్ బొమ్మలా నిలబడిపోయి మౌస్ కదలడం లేదా? లేక కంప్యూటర్ బాగానే ఉండి, తను రాసిన ప్రోగ్రామ్ ఒక్కటే మూసుకుపోయిందా? ఇవి మూడూ వేర్వేరు జబ్బులు. జ్వరం ఒకటే అయినా డాక్టర్ మలేరియాకూ టైఫాయిడ్‌కూ ఒకే మందు ఇవ్వడు.

దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే మొదట అనుమానించాల్సింది కరెంటునే. పై 3 మోడల్‌కు 5 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు, పై 4కు 3 ఆంపియర్లు, పై 5కు 5 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్ వాడాలని తయారీదారుల సూచన. మనం చేసేదేమిటంటే, ఇంట్లో ఖాళీగా ఉన్న ఫోన్ ఛార్జర్ తగిలిస్తాం. "సార్, అది 65 వాట్ల ఫాస్ట్ ఛార్జర్, చాలదా?" అని అడిగిన తండ్రులు చాలామందే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫాస్ట్ ఛార్జర్ అన్ని వాట్లు ఇచ్చేది ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజీ పెంచుకున్నాక. బోర్డుకు కావలసింది 5 వోల్టులే. ఆ 5 వోల్టుల దగ్గర అది 2 ఆంపియర్లే ఇవ్వవచ్చు. ఛార్జర్ వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూడండి. పెద్ద అంకెలో ఉన్న వాట్లతో ఇక్కడ పనిలేదు.

ఇక కేబుల్. మీ పిల్లలు పదో తరగతిలో ఉంటే ఈ లెక్క వాళ్లచేతే చేయించండి, ఓమ్ నియమం పరీక్ష బయట కూడా పనికొస్తుందని తెలుస్తుంది. సన్నటి పొడుగాటి కేబుల్‌లో రానూపోనూ తీగల నిరోధం 0.2 ఓమ్ అనుకుందాం. బోర్డు 2 ఆంపియర్లు లాగితే కేబుల్‌లోనే 0.4 వోల్టు పోతుంది. ఛార్జర్ 5 వోల్టులు ఇచ్చినా బోర్డుకు చేరేది 4.6. వోల్టేజీ సుమారు 4.63 కంటే తగ్గితే బోర్డు 'అండర్ వోల్టేజ్' అని హెచ్చరిస్తుంది, స్క్రీన్ మూలన మెరుపు గుర్తు కనిపిస్తుంది. కంపెనీ అడాప్టర్ మీద 5 బదులు 5.1 వోల్టులని ఉండటం అచ్చుతప్పు కాదు. దారిలో పోయేదానికి ముందే కాస్త కలిపి ఇవ్వడం.

స్క్రీన్ లేకుండా నడిచే ప్రాజెక్టుల్లో మెరుపు గుర్తు ఎక్కడ కనిపిస్తుంది? దానికోసం ల్యాబ్‌లో పిల్లలకు 'గెట్ థ్రాటిల్డ్' కమాండ్ నేర్పాం. జవాబు చివర ఒట్టి 0 వస్తే అంతా క్షేమం. 50005 అని వస్తే ఈ క్షణంలో కరెంటు చాలడం లేదని అర్థం. 50000 వస్తే ఇప్పుడు సరిగానే ఉంది గానీ, బోర్డు ఆన్ చేసినప్పటినుంచి ఎప్పుడో ఒకసారి తగ్గిందని. రీస్టార్ట్ అయితే ఈ జ్ఞాపకం చెరిగిపోతుంది. కాబట్టి బోర్డు నెమ్మదించినట్టు అనిపించగానే, స్విచ్ కట్టేయకముందే చూడమనండి.

మా దగ్గర ప్రతి ఏడాదీ కనీసం ఒక బృందమైనా ఎంచుకునే ప్రాజెక్టు 'మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట'. చెయ్యి దగ్గర పెట్టగానే చిన్న నీలంరంగు సర్వో మోటారు మూత ఎత్తుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే బోర్డు రీస్టార్ట్ అవుతుంది. పిల్లలు ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ రెండు సాయంత్రాలు గడిపేస్తారు. ఊళ్లో బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో ట్యూబ్‌లైటు మందగించడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే. మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారిగా కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అదే తీగ మీద బతుకుతున్న బోర్డుకు కరెంటు చాలదు. మోటారుకు విడిగా నాలుగు పెన్సిల్ సెల్స్ పెట్టె ఇచ్చి, దాని గ్రౌండ్ తీగనూ బోర్డు గ్రౌండ్ తీగనూ కలిపితే సరిపోతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

అదే చెత్తబుట్టలో ఇంకో ప్రమాదం ఉంది. "బోర్డు పాడైపోయింది" అన్న మాట నిజమయ్యే కొద్ది సందర్భాల్లో ఇదొకటి కాబట్టి చెప్పాలి. చెయ్యి ఎంత దూరంలో ఉందో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు చాలావరకు 5 వోల్టుల సంకేతం పంపుతాయి. బోర్డు పిన్నులు తట్టుకోగలిగింది 3.3 వోల్టులే. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు పెడితే 5 కాస్తా 3.33కి దిగుతుంది. రెండు రూపాయల సరుకు. అది లేకుండా నేరుగా తగిలిస్తే కొన్నాళ్లు పనిచేసి, ఒకరోజు పిన్ను కాలిపోవచ్చు.

చివరి లైను నుంచి చదవాలి

ప్రోగ్రామ్ ఒక్కటే ఆగిపోతే పని సులువు, ఎందుకు ఆగిందో అదే చెబుతుంది. పైథాన్‌లో ఎర్రటి అక్షరాలు పదిహేను లైన్లు వచ్చి పడగానే పిల్లలు కంగారుపడి విండో మూసేస్తారు. తిట్టినట్టు ఉంటుంది మరి. నిజానికి అది వాంగ్మూలం. అన్నిటికంటే కింది లైను ఏం జరిగిందో చెబుతుంది. దాని పైన ఏ లైను నంబరు దగ్గర జరిగిందో ఉంటుంది. మీకు ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు. "ఆ చివరి లైను గట్టిగా చదువు, అర్థమేమిటో తెలుగులో చెప్పు" అనండి చాలు. చెప్పడానికి ప్రయత్నిస్తూనే సగంమంది జవాబు పట్టేసుకుంటారు.

'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని వస్తే కావలసిన లైబ్రరీ అక్కడ లేదని అర్థం. యూట్యూబ్ చూసి చేసే ప్రాజెక్టుల్లో ఇది మామూలే. 2017 నాటి వీడియోలో టీచరు చూపించింది ఆనాటికి కరెక్టే. 2021లో వచ్చిన బుల్స్‌ఐ సిస్టమ్‌తో కెమెరా నడిపే పద్ధతే మారింది, పాత 'పైకెమెరా' బదులు 'పైకెమెరా2' వాడాలి. 2023లో వచ్చిన బుక్‌వర్మ్‌లో, వెనకటిలా పిప్‌తో నేరుగా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయబోతే సిస్టమ్ ఒప్పుకోదు, ప్రాజెక్టుకు విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకోమంటుంది. పై 5లో పిన్నులను నడిపే చిప్పే వేరు కాబట్టి పాత జీపీఐఓ లైబ్రరీ దానిమీద పనిచేయదు. వీడియో తేదీ, బోర్డు మోడల్, సిస్టమ్ వెర్షన్, ఈ మూడూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

అన్నిటికంటే పొట్టి సందేశం 'కిల్డ్'. ఎర్ర అక్షరాలు ఉండవు, లైను నంబరు ఉండదు. ర్యామ్ నిండిపోయి, సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి ఎక్కువ తినేస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపేసిందన్నమాట. పై 3లో ర్యామ్ 1 జీబీ, జీరో 2 డబ్ల్యూలో అందులో సగం. తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె కెమెరాతో గేటు దగ్గరికి ఎవరు వచ్చారో గుర్తించే ప్రాజెక్టు చేసింది. ఇంట్లో ఐదు నిమిషాలు చక్కగా నడిచింది, ల్యాబ్‌లో పదకొండో నిమిషంలో ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ పదకొండు. ఇలా ప్రతిసారీ దాదాపు ఒకే సమయానికి ఆగడం గొప్ప ఆధారం. ఏదో కొద్దికొద్దిగా నిండుతోందన్నమాట.

లెక్క ఆమే వేసింది. 640 బై 480 రంగుల బొమ్మ, చుక్కకు 3 బైట్లు: 9,21,600 బైట్లు, అంటే దాదాపు 0.92 ఎంబీ. సెకనుకొక బొమ్మ తీసి, పాతవి తీసేయకుండా అన్నిటినీ ఒక లిస్టులో దాస్తోంది ఆమె ప్రోగ్రామ్. ఖాళీ ర్యామ్ 600 ఎంబీ. భాగిస్తే 652 సెకన్లు, పదకొండు నిమిషాలకు కాస్త తక్కువ. లిస్టు బదులు చివరి బొమ్మ ఒక్కటే ఉంచుకునేలా మార్చాక మధ్యాహ్నం లంచ్ దాటినా ఆగలేదు. ఎగ్జిబిషన్‌లో జడ్జి స్టాల్ దగ్గరికి వచ్చేది ఆరో నిమిషంలోనా, పన్నెండో నిమిషంలోనా ఎవరికి తెలుసు? అందుకే ప్రాజెక్టు తెచ్చే ముందు ఇంట్లో కనీసం రెండు గంటలు వదలకుండా నడిపి చూడమంటాను.

వేడి గురించి తల్లిదండ్రులు అనవసరంగా ఎక్కువ భయపడతారు. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బోర్డు తనంతట తానే నెమ్మదిస్తుంది, వెంటనే ఏమీ కాదు. మోడల్ అందంగా ఉంటుందని దాన్ని థర్మాకోల్ పెట్టెలో మూసేయడం మాత్రం మానిపించండి. థర్మాకోల్ ఐస్‌క్రీమ్ కరగకుండా ఉంచడానికి పనికొస్తుంది, బోర్డు వేడిని బయటికి పోనివ్వదు.

మెమరీ కార్డు మీద మాత్రం భయం ఉండాల్సిందే. కార్డు మీద రాస్తున్నప్పుడు ప్లగ్ పీకేస్తే ఫైళ్లు చెడిపోతాయి, మర్నాడు బోర్డు అసలు స్టార్టే కాకపోవచ్చు. షట్‌డౌన్ కొట్టి, ఆకుపచ్చ లైటు మినుకుమినుకులు ఆగాకే స్విచ్ కట్టాలి. ఇది అలవాటైన పిల్లలు కూడా కరెంటు కోత ముందు నిస్సహాయులే కాబట్టి, ప్రతి సాయంత్రం కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. కార్డు చెడితే వెయ్యి రూపాయల లోపు పోతుంది. మూడు వారాల కోడ్ పోతే పిల్లవాడి ముఖం చూడలేం.

ఇన్ని కారణాలున్నప్పుడు పిల్లలు చేసే పని ఒకటుంది. ఛార్జర్, కార్డు, కోడ్ మూడూ ఒకేసారి మార్చేస్తారు. ఆగిపోవడం తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో మాత్రం తెలియదు, వచ్చేవారం మళ్లీ మొదలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చారో, ఏం జరిగిందో నోట్‌బుక్‌లో తేదీతో రాయాలి. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. షాపులో రెడీమేడ్‌గా కొని తెచ్చిన, ఎక్కడా ఆగని ప్రాజెక్టు కంటే, నాలుగుసార్లు ఆగి, ఎందుకు ఆగిందో నాలుగు పేజీలు రాసుకున్న ప్రాజెక్టుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇవన్నీ చూశాక కూడా దారి దొరకకపోతే ల్యాబ్‌కు పంపండి. చివరి సందేశాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, మొత్తం స్క్రీన్ కనపడేలా, పంపండి. బోర్డుతో పాటు ఇంట్లో వాడిన ఛార్జర్, కేబుల్, కార్డు తప్పకుండా పెట్టండి. ఒట్టి బోర్డు పంపితే మా ల్యాబ్ అడాప్టర్ మీద అది రోజంతా చక్కగా నడుస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక మళ్లీ ఆగిపోతుంది.