కోచింగ్ హాలు వదిలి తరగతి గదిలోకి: కొత్త టీచర్ మొదటి రోజు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏ గోడ చూసినా కోచింగ్ ప్రకటనలే. సాఫ్ట్‌వేర్ కోర్సుల పక్కనే పోటీ పరీక్షలవీ కనిపిస్తాయి. టీచరు ఉద్యోగం కోసం హాస్టల్లో ఉంటూ టెట్‌కో, డీఎస్సీకో చదివినవాళ్లకు కోచింగ్ హాలు ఎలా ఉంటుందో బాగా తెలుసు. ముందు మైకు, ఎదురుగా వరసలు వరసలుగా కుర్చీలు, గంటల తరబడి ఒకరు చెబుతూ ఉంటే మిగతావాళ్లు రాసుకుంటూ పోవడం. ఉద్యోగం తెచ్చుకోవడానికి ఆ పద్ధతి అక్కరకొచ్చింది. బడిలో మొదటి రోజున మాత్రం అదే అడ్డొస్తుంది. ఇన్నాళ్లూ చెవిన పడ్డ గొంతే తెలియకుండా మన నోట్లోంచి వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లలు దాన్ని పది నిమిషాలు కూడా వినరు.

అందుకే మీరేం చెప్పాలన్నది పక్కనపెట్టి, పిల్లల చేత ఏం చేయించాలన్నది ముందు కాగితం మీద రాసుకోండి.

బడి మొదటి రోజు, మీ మొదటి రోజు ఒకటే కాకపోవచ్చు. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. కానీ 11,062 పోస్టులతో వచ్చిన 2024 డీఎస్సీలో ఎంపికైనవాళ్లకు ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చింది అక్టోబరు 9న. వాళ్లు బడిలో చేరేసరికి దసరా దాటింది. అప్పటికే పిల్లలకు ఒక టీచరు అలవాటై ఉంటారు, సగం పాఠాలూ అయిపోయి ఉంటాయి. అలా మధ్యలో చేరేవాళ్లు ఒకరోజు ముందే బడికి వెళ్లి హెచ్ఎంను కలవడం మంచిది. టైంటేబుల్, హాజరు పట్టీ, ఎక్కడిదాకా పాఠం అయింది, మధ్యాహ్న భోజనం ఎన్నింటికి, పిల్లల్ని ఎవరు వరసలో తీసుకెళ్తారు, మరుగుదొడ్లు ఎటువైపు... ఇవన్నీ అప్పుడే అడిగేయండి. ప్రాథమిక బడి అయితే తొలిమెట్టు కార్యక్రమం కింద పిల్లల చదివే స్థాయిని రాసిపెట్టారేమో కూడా చూడండి. ప్రయాణం సంగతీ మరవొద్దు. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్లో పొద్దున రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పంజాగుట్ట వైపు బడి అయినా సరే, చేరబోయే వేళకే ఒకసారి వెళ్లి చూసుకోండి.

ఇక తరగతి గది. హాజరు వేసేటప్పుడు పట్టీలో తల దూర్చకండి. ఒక్కో పేరు పిలిచి, ఆ ముఖం చూసి, పలకడం సరిగ్గా ఉందా అని ఆ బిడ్డనే అడగండి. ఈ ఒక్క పనికి ఇరవై నిమిషాలు పట్టినా నష్టం లేదు. అమీర్‌పేట, బల్కంపేట ప్రాంతాల తరగతుల్లో ఒకే బెంచీ మీద తెలుగు, ఉర్దూ, హిందీ ఇళ్ల పిల్లలు కలిసి కూర్చోవచ్చు. 2022-23 నుంచి అన్ని సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది కాబట్టి పుస్తకంలో మరో భాష కూడా ఉంటుంది. మొదటి రోజు మాత్రం ఏ పిల్లయినా తన ఇంటి భాషలోనే జవాబు చెప్పనివ్వండి. మాట్లాడిన బిడ్డ రేపు ఇంగ్లిష్ కూడా ప్రయత్నిస్తుంది. నోరు మూయించిన బిడ్డ ఏ భాషలోనూ పలకదు.

గిజుభాయి బధేకా రాసిన ‘పగటి కల’ చదవకుండా బడిలో అడుగు పెట్టొద్దని నా సలహా. అందులో నాలుగో తరగతికి వచ్చిన టీచరు ఎంతో ఆలోచించి మొదటి రోజు నిశ్శబ్దం ఆట పెడతాడు. పిల్లలు గోల చేస్తారు, ప్రణాళిక అంతా తలకిందులవుతుంది. మర్నాడు కథ మొదలుపెడితే అదే పిల్లలు చుట్టూ చేరతారు. కాబట్టి మీ కాగితం మీద రెండో దారి కూడా ఉండాలి. మీకు బాగా వచ్చిన కథ ఒకటి, పుస్తకం చూడకుండా చెప్పేంతగా, ఇంట్లో గట్టిగా రెండుసార్లు చెప్పి చూసుకోండి.

కథ అయ్యాక దాన్నుంచే నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, ఇష్టమైన వాక్యం చదవమనండి. ఎవరు గడగడా చదివారు, ఎవరు అక్షరాలు కూడబలుక్కున్నారు, ఎవరు పక్కవాళ్ల నోరు చూసి పలికారు, మీకే తెలిసిపోతుంది. మార్కులు వేయకండి. పిల్లలకు అది పరీక్ష అని తెలియకూడదు.

బెత్తం సంగతి ఒక్క మాట. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. ‘మొదటి రోజు భయపెడితేనే ఏడాదంతా మాట వింటారు’ అని స్టాఫ్ రూంలో ఎవరైనా చెబితే మర్యాదగా విని, పాటించకుండా వదిలేయండి.

ప్రైవేటు బడిలో డెమో క్లాసుకు వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పావుగంటలో మీ పాండిత్యం అంతా చూపించాలనుకోకండి. ఇద్దరు పిల్లల్ని పేరు పెట్టి పిలిచి, వాళ్ల చేత ఒక ప్రశ్న అడిగించగలిగితే చాలు.

‘టీచర్, మీరూ వెళ్లిపోతారా?’ అని పిల్లలు అడగొచ్చు. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారడం చూసిన పిల్లలకు అది పెద్ద ప్రశ్న. తేల్చి చెప్పలేకపోతే ‘రేపు తప్పకుండా వస్తా’ అనండి. మర్నాడు గంట కొట్టకముందే తరగతిలో ఉండండి.

ఆ సాయంత్రం నోటుబుక్కులో అందరి పేర్లూ రాసి, ఒక్కో పేరు ఎదురుగా ఆ పూట గమనించింది ఒక్క ముక్క రాయండి. కొన్ని పేర్ల ఎదుట ఏమీ గుర్తురాదు. అల్లరి చేయక, చేయెత్తక వెనక బెంచీలో కూర్చున్న పిల్లలు వాళ్లే. రెండో రోజు మొదటి పీరియడ్ వాళ్ల పక్కన కూర్చోవడంతో మొదలుపెట్టండి.