కీళ్లలో పాకే పొర – పాన్నస్



"సిస్టరమ్మా, పొద్దున లేస్తే పిడికిలి పట్టదు. సంగటి కెలకాలంటే కట్టె చేతిలో నిలవదు" అని ఓ.పి.లో చెప్పే ఆడవాళ్లు చాలామంది అప్పటికే రెండు మూడేళ్లు తైలాలు రాసుకుని వచ్చినవాళ్లే. బుడ్డలు ఒలిచి ఒలిచి వేళ్లు ఇలా అయ్యాయని వాళ్ల నమ్మకం. పని ఎక్కువైతే నొప్పి పెరగడం నిజమే కానీ ఈ జబ్బు పని వల్ల పుట్టేది కాదు. దీని పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతంలో ఒక రకం. నూటికి ఒకరికి లేదా అంతకు కొంచెం తక్కువమందికి వస్తుంది. మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువ. బీడీ, సిగరెట్ తాగేవారికి వచ్చే అవకాశం పెరుగుతుంది.

కీలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రెండు ఎముకల కొనల మీద నున్నటి మృదులాస్థి ఉంటుంది. కీలు చుట్టూ సంచి, ఆ సంచి లోపలివైపు పల్చటి పొర ఉంటాయి. కీలుకు నూనెలాంటి ద్రవాన్ని ఇచ్చేది ఆ పొరే. ఆరోగ్యవంతుల్లో దాని పైవరుస ఒకటి నుండి మూడు కణాల మందమే. శరీరంలోని రక్షకశక్తి పొరపాటున మన పొర మీదే దాడి చేసినప్పుడు అది వాచి, దళసరి అవుతుంది. కొత్త రక్తనాళాలు పుట్టి దానికి మేత అందిస్తాయి. ఇలా పెరిగిన మెత్తటి కండలాంటి పొరనే డాక్టర్లు పాన్నస్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు బట్ట అని అర్థం. మృదులాస్థి మీద బట్ట కప్పినట్టు పాకుతుంది కాబట్టి ఆ పేరు.

నన్నడిగితే బట్టకంటే సర్కారుతుమ్మ సరైన పోలిక. గట్టు మీద మొలిచి, చూస్తుండగానే చేనులోకి పాకుతుంది కదా! పాన్నస్ కూడా మృదులాస్థి కప్పు లేని ఎముక అంచు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుండి లోపలికి పాకుతూ మృదులాస్థిని కరిగించే రసాలు వదులుతుంది, ఎముకను కొరికే కణాలను రేపుతుంది. ఎక్స్‌రేలో ఎలుక కొరికినట్టు కనిపించే గుంటలు దీని పనే. చాలామందిలో మొదటి రెండేళ్లలోనే ఇవి మొదలవుతాయి. ఒకసారి పోయిన మృదులాస్థి తిరిగి రాదు. నొప్పి మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గాని, ఈ పొర పాకడాన్ని ఆపవు.

మన ప్రాంతంలో ఒక చిక్కుంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ప్రతి కీళ్లనొప్పినీ నీళ్ల మీదికి తోసేస్తాం. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లోనే. కానీ ఫ్లోరోసిస్‌లో ముఖ్యంగా మెడ, వెన్ను బిగుసుకుపోతాయి, చిన్న కీళ్లు మెత్తగా వాయవు. 2006 ప్రాంతంలో రాయలసీమను వణికించిన చికున్‌గున్యా నొప్పులు జ్వరంతో ఒక్కసారిగా మొదలవుతాయి. రుమటాయిడ్‌లో రెండు చేతుల వేళ్ల మొదటి, నడిమి కణుపులు, మణికట్లు జంటగా వాస్తాయి. గోరు దగ్గరి కణుపును సాధారణంగా వదిలేస్తుంది. పొద్దున లేచాక అరగంట, గంట దాకా బిగుతు విడవదు. ఇలా ఆరు వారాలు ఉంటే రక్తపరీక్షకు రండి. ఆర్.ఏ. ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంతమాత్రాన జబ్బు లేదని కాదు. వాపును చేత్తో నొక్కి చూసిన డాక్టరు మాటే ముఖ్యం.

ఈ పొరను అణిచే మందుల్లో మొదటిది మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు నాయకత్వం వహించాడు. ఫోలిక్ యాసిడ్‌నూ, దాన్ని అడ్డుకునే ఈ జాతి మందులనూ తయారుచేసింది ఆయన బృందమే. అవి మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. ఆయన 1948లో చనిపోయాడు. అమెరికాలో ఈ మందును కీళ్లవాతానికి అధికారికంగా అనుమతించింది 1988లో. నేడు మా ఫార్మసీ కిటికీలో మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తాం. రెండూ ఆయన బల్ల మీదివే.

ఇక్కడ దయచేసి రెండుసార్లు చదవండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకునే మందు కాదు. వారం మాత్రలను రోజుకొకటి చొప్పున మింగి, నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి వచ్చినవారిని చూశాను. ప్రాణం పోయే ప్రమాదం అది. ఒక వారం పేరు చీటీ మీద పెద్దగా రాయించుకోండి. ఆదివారం ఆరాధన రోజని గుర్తుపెట్టుకునేవారున్నారు, మంచిదే. ఫోలిక్ యాసిడ్ డాక్టరు చెప్పిన వేరే రోజున. గుణం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది గనుక నెలకే విసుగుపడి మానవద్దు. రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు చెప్పిన తేదీకి చేయించాలి. సారాయి కూడదు. గర్భిణులు వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవారు కనీసం మూడు నెలల ముందే డాక్టరుతో మాట్లాడాలి. జ్వరం, నోటిపూత, ఆయాసం వస్తే తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే రండి.

సంతలో దొరికే పేరులేని పొడి, "ఒక్క సూదితో నొప్పి మాయం" అనే మాట మాత్రం నమ్మకండి. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు కొద్ది మోతాదులో, కొద్దికాలం ఇస్తే అది మంచి మందే. తెలియకుండా ఏళ్లతరబడి మింగితే షుగరు, ఎముకల గుల్లదనం వస్తాయి, ముఖం ఉబ్బుతుంది. అలా వాడుతున్నవారు హఠాత్తుగా మానినా ప్రమాదమే. ఆ పొట్లం తెచ్చి మాకు చూపించండి, ఎవరూ కోప్పడరు.

ఇంట్లో బిందెను వేళ్లతో వేలాడదీయకుండా చంకన గాని, ముంజేతి మీద గాని మోయండి. సంగటి కట్టెకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుంది. పొద్దున గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి వేళ్లు మెల్లగా ఆడించండి. అత్తగారి బట్టలు పిండే పని కొన్నాళ్లు కోడలి కొడుకు చేసినా తప్పులేదు.

చివరిగా మెడ సంగతి. ఎన్నో ఏళ్ల జబ్బులో పాన్నస్ మెడ పైభాగంలోని కీలుకూ పాకి వెన్నుపామును నొక్కవచ్చు. తల వెనుక నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడడం కనిపిస్తే మెడకు మసాజ్ చేయించకండి, ఆస్పత్రికి రండి. ఏ ఆపరేషనుకైనా వెళ్లేముందు మత్తు డాక్టరుకు "నాకు రుమటాయిడ్ ఉంది" అని చెప్పండి. గొట్టం వేసేటప్పుడు మెడను ఎంత వంచాలో ఆయన ముందే చూసుకుంటారు.