హరిత గృహం

ఇల్లు నీడనివ్వాలి. కాని నేటి ఇళ్ళలో పెక్కు పగలంతా ఎండను గ్రోలి, రాత్రివేళ ఆ వేడిమిని మనపైనే వెదజల్లుతున్నాయి. ఆ తాపం తాళలేక శీతల యంత్రాలను ఆశ్రయిస్తున్నాము. వాటిని నడిపే విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గును కాల్చగా వస్తున్నదే. ఇంటిని చల్లబరచుకొంటూ లోకాన్ని వేడెక్కించడం ఎంత విపరీతం!

ఈ చిక్కుకు పరిష్కారం హరిత గృహం. శక్తిని ఉత్పత్తి చేయడానికి ముందే శక్తి అవసరాన్ని తగ్గించడం దీని ప్రథమ సూత్రం. తెలుగునాట వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. శీతకాలంలో దక్షిణానికి వాలుతాడు. కనుక దక్షిణపు కిటికీలపై తగినంత చూరు ఉంటే వేసవి ఎండ లోనికి రాదు. చలికాలపు వెలుగు వస్తుంది. సాయంకాలపు ఎండ తగిలే పడమటి గోడకు చెట్టునీడ గాని, వసారా గాని అవసరం. మన పూర్వుల మండువా లోగిళ్ళలో ఇంటి వేడిగాలి నడిమి వాకిలి గుండా పైకి పోయేది.

ఆ తరువాతనే సౌరశక్తి. ఇంటికప్పుపై దక్షిణాభిముఖంగా అమర్చిన ఒక కిలోవాటు సౌరఫలకాలు మంచి ఎండ ఉన్న రోజున సుమారు 4 యూనిట్ల విద్యుత్తునిస్తాయి. నెట్ మీటరు ఉంటే మిగులు విద్యుత్తు గ్రిడ్‌కు చేరుతుంది. ఇక సౌర జలతాపకంలో వేడెక్కిన నీరు తేలికై, పంపుతో పనిలేకుండానే పైనున్న తొట్టెలోనికి చేరుతుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘పి.ఎం. సూర్యఘర్’ పథకం సౌరఫలకాలకు 78,000 రూపాయల వరకు రాయితీని ప్రకటించింది.

అయితే కప్పుపై ఫలకాలు పరచి, గాలి వెలుతురులు చొరని గదులలో పగలే దీపాలు వెలిగించుకొంటే ప్రయోజనమేమి? పొదుపెరిగిన ఇంటికే సూర్యుని సాయం సార్థకమవుతుంది.