జవాను జీతం – అప్పుల లెక్క

మన బోయిన్‌పల్లి కంటోన్మెంట్ ప్రాంతం. సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే లేచి పరుగు తీసే తమ్ముళ్లు మనలో ఉన్నారు. పరుగు, ఎత్తు, ఛాతీ కొలతల గురించి చెప్పేవారు చాలామంది. వచ్చిన జీతం ఎలా నిలుపుకోవాలో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

జీతం ఎంత?
కేంద్ర ప్రభుత్వం 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం అగ్నివీరునికి మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పోతుంది. అంటే మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్లలో తాను దాచేది 5.02 లక్షలు, ప్రభుత్వం కలిపేది మరో 5.02 లక్షలు. పింఛను, గ్రాట్యుటీ లేవు. నూటికి 25 మంది వరకే కొనసాగిస్తామని ఆ ప్రకటన చెప్పింది.

అప్పు ఎలా పెరుగుతుంది?
ఉద్యోగం వచ్చిందనగానే అక్క పెళ్లి, ఇంటి స్లాబు, పాత బాకీ అన్నీ గుర్తుకొస్తాయి. "మిలిటరీ ఉద్యోగం కదా" అని అప్పిచ్చేవారూ ముందుకొస్తారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చామనుకుందాం. నెలకు వడ్డీ 6,000. చేతికి మిగిలేది 15,000. నాలుగేళ్లకు వడ్డీయే 2,88,000. అసలుతో కలిపి 4,88,000. జవాను నాలుగేళ్లు కడుపు కట్టుకుని దాచిన సొమ్ముకు ఇది దాదాపు సమానం!

చట్టం ఏమంటుంది?
1950 సైనిక చట్టం 28వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీ కింద సైనికుని జీతాన్ని జప్తు చేయరాదు. 29వ సెక్షన్ ప్రకారం అప్పు కోసం అతన్ని అరెస్టు చేయరాదు. కాని ఈ రక్షణ సైనికునికే. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టిన నాన్నకు, హామీ ఉన్న మామయ్యకు లేదు. సరిహద్దులో కొడుకు క్షేమంగా ఉన్నా, ఊళ్లో అప్పులవాడు తలుపు తట్టేది వాళ్లనే.

మనం చేయవలసినవి
1. ఇంటికి పంపే మొత్తం ముందే నిర్ణయించుకుని అమ్మానాన్నలకు చెప్పాలి.
2. సేవానిధిని చూపి ముందే అప్పు చేయరాదు. అది నాలుగేళ్లు నిండాక మన చదువుకు, బతుకుతెరువుకు పెట్టుబడి.
3. స్నేహితుని అప్పుకు హామీ సంతకం పెట్టేముందు, అతను కట్టకపోతే మనం కట్టగలమా అని ఆలోచించాలి.
4. తప్పనిసరైతే బ్యాంకుకే వెళ్లాలి. వడ్డీ ఏడాదికి ఎంతో అడగాలి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం.

మన ఇళ్లలో మొదటి జీతగాళ్లం మనమే. ఇల్లు నిలబెట్టాలంటే ముందు మనం నిలబడాలి. "ఇప్పుడు కాదు" అని ప్రేమగా చెప్పడం కూడా ఇంటికి చేసే సేవే.