చార్మినార్ చుట్టూ రుచుల నడక

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో గైడుతో సాగే ‘ఫుడ్ వాక్’ ఎలా ఉంటుంది? ఎప్పుడు వెళ్తే మంచిది? – ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: ఫుడ్ వాక్ అంటే గైడు వెంట రెండు మూడు గంటలు గల్లీల్లో నడుస్తూ, ఆగిన చోటల్లా కొద్దికొద్దిగా రుచి చూడటం. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను ఆహార విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ పేరుకు కారణమైన వంటల్లో చాలావాటికి పాతబస్తీయే పుట్టిల్లు.

పొద్దున నడకే మేలు. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగపై ఉడికించే నహారీ తెల్లవారితేనే దొరుకుతుంది, ఎండెక్కేసరికి అయిపోతుంది. దానికి జత నాలుగు మూలల నాన్. దీనికి పేరుపడ్డ మున్షీ నాన్ దుకాణం 1851లో పురానీ హవేలీ దగ్గర మొదలైంది. ఈ నాన్ పిండిని భట్టీ గోడకు అతికించి కాల్చే తీరు నిలబడి చూడాల్సిందే. చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఉంటాయి. ఆ చాయ్‌కి డికాక్షన్, చిక్కగా మరిగిన పాలు వేర్వేరుగా కాచి కప్పులో కలుపుతారు. శాకాహారులకు బండి దోశ ఉంది.

రంజాన్ నెలలో పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి. సాయంత్రం మాత్రం 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీం కోసం వెళ్లాలి.

పొద్దున నడక కాబట్టి, మీకు దగ్గరి స్టేషన్ రామగుండం నుంచి కాజీపేట మీదుగా రైలులో ముందురోజే చేరుకోవడం మంచిది. షుగరు ఉన్నవారు ఆ సంగతి గైడుకు ముందే చెప్పాలి. రుసుములో తిండి ఖర్చు కలిసిందో లేదో బుకింగ్ సమయంలోనే అడగాలి.