కళాశాల ప్రవేశము, ఉపకార వేతనము: ఉన్నత పాఠశాలలోనే ఆరంభం కావలసిన పని

డిగ్రీలో చేరదలచిన విద్యార్థికి మార్కులుంటే చాలునని సామాన్యంగా అందరూ భావిస్తారు. ప్రవేశాల కాలంలో కళాశాల కార్యాలయం ఎదుట బారులు తీరిన పిల్లలను గమనించినవారికి అది సగం సత్యమేనని బోధపడుతుంది. మార్కులుండి, చదవాలన్న కోరిక ఉండి, ఫీజు సహాయానికి అన్నివిధాలా అర్హులై ఉండి కూడా, చేతిలోని రెండు కాగితాలు ఒకదానితో ఒకటి పొసగనందున వెనుదిరిగేవారిని మేము ప్రతి ఏటా చూస్తున్నాము. వారిలో అధికులు తమ ఇంట కళాశాల గడప తొక్కుతున్న మొదటి తరంవారు. ప్రవేశానికీ, ఆర్థిక సహాయానికీ కావలసిన సన్నాహం పదవ తరగతి పరీక్షకు పూర్వమే జరగాలనీ, అందుకు తోడ్పడవలసినవారు ఆ దారిన నడచివచ్చిన మన విద్యార్థులేననీ మా అభిప్రాయము.

ముందుగా పేరు సంగతి. ఉర్దూలో మొహమ్మద్ అన్న నామము మీమ్, హే, మీమ్, దాల్ అను నాలుగక్షరాలతో ముగుస్తుంది. అందులో వివాదమేమీ లేదు. అదే పేరు ఆంగ్లలిపిలోకి మారేటప్పటికి పాఠశాల రిజిస్టరులో ఒక తీరున, ఆధార్ కార్డులో వేరొక తీరున, బ్యాంకు పుస్తకంలో ‘ఎం.డి.’ అన్న రెండు పొడి అక్షరాలుగా మారిపోతుంది. ఆడపిల్లల పేర్ల చివర బేగం, సుల్తానా, ఫాతిమా వంటివి ఒకచోట చేరి మరొకచోట జారిపోతాయి. తెలుగు కుటుంబాలకూ ఈ చిక్కు తప్పదు: ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ ఉంటుంది. మనుషుల కళ్లకు ఇవన్నీ ఒక్కరి పేర్లే. కంప్యూటరు మాత్రం వాటిని వేరువేరు వ్యక్తులుగా లెక్కిస్తుంది.

పదవ తరగతి మార్కుల పత్రంలోని పేరు, పుట్టిన తేదీ జీవితాంతం ప్రమాణమవుతాయి. ఆ పత్రం తయారయ్యేది ప్రధానోపాధ్యాయులు పరీక్షల శాఖకు పంపే నామినల్ రోల్ ఆధారంగా. ఆ పట్టిక వెళ్లకముందు సవరణ ఒక పూట పని. పత్రం అచ్చయిన తరువాత అదే సవరణకు అర్జీలు, కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. కనుక పట్టికపై సంతకం చేసే రోజున ప్రతి విద్యార్థి తన ఆధార్ కార్డును పక్కన ఉంచుకొని, తన పేరును, తండ్రి పేరును అక్షరమక్షరమూ పోల్చి చూచుకోవాలి. ఉపాధ్యాయులు ఆ రోజు పాఠం ఆపివేసినా నష్టం లేదని మేము నిస్సంకోచంగా చెప్పగలము.

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. ఉర్దూ తెలిసినవారికి ఆ పేరు చెవికింపుగా ఉంటుంది గాని, ఈ స్నేహితుడు నియమాల విషయంలో మొహమాటపడేవాడు కాడు. ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు సంకేతసంఖ్య వస్తేనే నమోదు సులభంగా సాగుతుంది. తండ్రి గల్ఫ్ దేశంలో ఉండి, ఆ నంబరు ఆయన దగ్గరే ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో! విద్యార్థి ఇక్కడ, సంకేతసంఖ్య దుబాయిలో. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలోనే నంబరు మార్పించుకుంటే ఈ తిప్పలుండవు. ఐచ్ఛికాలు ఎన్ని అయినా ఇచ్చుకొనవచ్చును. ఒకే కళాశాల పేరు వ్రాసి ఊరుకొన్నవారు సీటు లేక తరువాతి విడతకై ఎదురుచూడవలసి వస్తుంది. సీటు వచ్చినా గడువులోపల స్వయంగా అంగీకారం తెలుపకపోతే అది చేజారుతుంది.

ఇక సహాయము. తెలంగాణలో ఈ-పాస్ ద్వారా లభించే బోధనా రుసుము, నిర్వహణ భత్యము కొరకు వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు విధించిన వార్షికాదాయ పరిమితి గ్రామాలలో రూ. 1,50,000, పట్టణాలలో రూ. 2,00,000. ఆదాయ ధ్రువపత్రం మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుండి పొందాలి. ప్రవేశం కోరే సంవత్సరం ఏప్రిల్ 1 నాడు గాని, తరువాత గాని జారీ అయినదానినే దోస్త్ కోరుతూ వచ్చింది. నిరుడు తీసిన పత్రాన్ని భద్రంగా దాచుకొనివచ్చే తల్లిదండ్రులను చూస్తే జాలి కలుగుతుంది.

కుల ధ్రువపత్రం విషయంలోనూ ఒక అపోహ ఉన్నది. 2007 నాటి చట్టం ముస్లింలందరికీ కాక 14 సామాజిక వర్గాలకు మాత్రమే బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను కల్పించింది. షేక్‌లు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలవారు లేరు. దూదేకులవారు బి.సి.-బి లోనివారు. రిజర్వేషను లేనంత మాత్రాన ఫీజు సహాయం కూడా లేదనుకొని దరఖాస్తు చేయక మానుకోవడం పొరపాటు. మైనారిటీ విద్యార్థిగా ఆదాయాన్ని బట్టి అది వేరుగా లభిస్తుంది.

సహాయం మంజూరైనంత మాత్రాన ఊరట చెందరాదు. ఏటేటా పునరుద్ధరణ దరఖాస్తు పెట్టాలి. 75 శాతం హాజరు ఉండాలి. ప్రభుత్వ బకాయిలు పేరుకొన్నప్పుడు ధ్రువపత్రాలు ఇవ్వకుండా ఆపిన కళాశాలలున్న మాట కాదనలేము. అందుచేత చేరేనాడే, ఫీజులో తాము చెల్లించవలసిన భాగమెంతో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనడం వివేకము.

ఎనిమిదవ తరగతి పిల్లలకు మరొక అవకాశం ఉన్నది. జాతీయ ప్రతిభ-ఉపకారవేతన పరీక్షలో నెగ్గిన ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏడాదికి రూ. 12,000 లభిస్తుంది. కుటుంబ ఆదాయం రూ. 3,50,000 మించరాదు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒక్కటి. పరిసరాలలోని ఉర్దూ, తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలలకు నామినల్ రోల్ సిద్ధమయ్యే వారంలో మన ద్వితీయ, తృతీయ సంవత్సర విద్యార్థులను ఇద్దరిద్దరిగా పంపవలసింది. ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు బాగా వ్రాయగలవారొకరు. వారి చేతిలో ఒకవైపు ఉర్దూలో, రెండవవైపు తెలుగులో అచ్చువేసిన ఒకే కాగితముండాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు అని నాలుగు వరుసలు. ఒక్కొక్క వరుసలో పాఠశాల రిజిస్టరు, ఆధార్, బ్యాంకు పుస్తకం అని మూడేసి గడులు. గడులలో అక్షరాలు కలవనిచోట ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని అదే రోజు ప్రధానోపాధ్యాయులకు అప్పగించాలి. అచ్చు ఖర్చు స్వల్పము. పిల్లలను పంపే రోజులకు హాజరు మినహాయింపు మాత్రం కమిటీవారే ఇప్పించాలి.