మైకు కొనబోతున్న మేనకోడలికి

ముదిగొండ

తల్లీ,

ఈసారి శ్రీరామనవమి పందిట్లో రామదాసు కీర్తనలకి భజన బృందం నిన్ను ముందు నిలబెడుతోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! రామదాసుగా పేరొందిన గోపన్న పుట్టిన నేలకొండపల్లి మనకు పక్క మండలమే. ఆ పాటలు మన ఊళ్ల పిల్లల గొంతుల్లో వినాలని నాకెప్పటినుంచో ఆశ. సొంతంగా మైకు కొనుక్కుంటావట, మూడు వేలు దాటకూడదట, కార్డ్‌లెస్ అయితే బాగుంటుందా అని అడిగావట. మైకుసెట్టు పని మీదే బతికినవాణ్ణి, ఈ సంగతి నేనే చెప్పాలి.

కార్డ్‌లెస్ వద్దు. ఆ ధరలో వచ్చేవాటిలో సొమ్మంతా ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ పోతుంది, గొంతు పట్టే భాగానికి మిగిలేది తక్కువ. సెల్లు నీరసపడితే చరణం మధ్యలో మాట తెగుతుంది. నువ్వు పాడుతూ పందిరంతా తిరగవు కదా. వైరు మైకే తీసుకో, అందులోనూ డైనమిక్. లోపల పల్చటి పొర, దానికి అంటిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం, అంతే. గొంతు తగిలి పొర కదిలితే చుట్టా కదిలి కరెంటు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, మోటు వాడకానికీ తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సన్నటి ధ్వనుల్ని ఇంకా బాగా పడుతుంది, కాదనను. కానీ దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. ఊళ్లలో తిరిగే పాత ఆంప్లిఫయర్లలో అది ఉండదు.

అహూజా, బెరింజర్ ఎక్స్ఎం8500, షూర్ ఎస్‌వీ100... ఇవన్నీ నీ సొమ్ములో దొరికేవే. వీటిలో ఏది కొన్నా తప్పు లేదు. షూర్ వాళ్ల ఎస్ఎం58 అని ఒకటుంది, 1966లో వచ్చింది. గుండ్రటి జాలీ తల మైకు అనగానే లోకానికి గుర్తొచ్చేది అదే. అసలుది పదివేల చుట్టుపక్కల ఉంటుంది. అదే పేరుతో రెండున్నర వేలకు ఇస్తామంటే నకిలీ అనుకో. దొంగ పేరున్న మైకు కంటే సొంత పేరుతో వచ్చిన చవక మైకు మేలు.

ఇక అసలు మాట. ఖమ్మంలో షాపుకెళ్లి ‘హలో హలో’ అని చూసి కొనేయకు. రామదాసు పాటంటే దేవుడితో మాట్లాడటం, నిలదీయటం. బాలమురళీకృష్ణ గారు పాడిన ఆ కీర్తనలు రేడియోలో ఇంటింటికీ చేరాయంటే, రాగంతోపాటు ప్రతి అక్షరమూ విడిగా వినబడటం వల్ల కూడానని నా నమ్మకం. కాబట్టి నీకు వచ్చిన కీర్తనే పాడి చూడు, సిగ్గుపడకు. భద్రాద్రి, పాహి, ప్రభో లాంటి మాటల దగ్గర గాలి ధబ్బుమని కొడుతోందా? శ, స వచ్చినచోట ఈల వేస్తోందా? ముందు పెదాలకు రెండంగుళాల్లో పాడు, తర్వాత బెత్తెడు దూరంలో. మరీ దగ్గరైతే ఈ మైకుల్లో గొంతు బరువెక్కి మాట ముద్దగా వస్తుంది. దూరం జరిగితే పలచబడుతుంది. నీ మాట తేటగా వినబడే దూరం ఏదో అక్కడే చూసుకో. తర్వాత మైకు తిప్పి తోక వైపు నుంచి పాడు. ముందువైపే ఎక్కువగా వినే మంచి కార్డియాయిడ్ మైకు అయితే గొంతు బాగా తగ్గిపోవాలి. స్పీకరు బాక్సుల మోత తోక వైపు నుంచి వస్తే, అది మైకులోకి తిరిగొచ్చి పుట్టే కూత తగ్గేది అందుకే. చివరగా పాడకుండా పిడి మీద చెయ్యి జరిపి చూడు, గరగర పెద్దగా వినబడితే వేరేది చూపించమను. పిడి పట్టుకునేటప్పుడు జాలీని గుప్పిట్లో మూయకు. సినిమా పాటల కుర్రాళ్లను చూసి అందరికీ అదే అలవాటవుతోంది. జాలీ మూస్తే వెనక సందులు మూసుకుపోయి మైకు అన్ని వైపులా వింటుంది, వెంటనే కూత మొదలవుతుంది.

మైకుకి పెట్టినట్టే వైరుకీ కాస్త డబ్బు పెట్టు. మైకు అడుగున మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్ ఉంటుంది. మీ ఊరి ఆంప్లిఫయర్‌కి కూడా అదే ఉందా, లేక పీ-38 జాకా అని ముందే కనుక్కో. రెండు పక్కలా ఎక్స్ఎల్ఆర్ అయితే వైరు పొడుగైనా గుర్రుమనదు. పీ-38 అయితే ఆంప్లిఫయర్‌ని వేదిక దగ్గరికి తెమ్మను. వైరు సీరియల్ సెట్టు లైట్ల తీగల పక్కన పడకుండా చూసుకో.

ఇంకొకటి, ఇది మాత్రం తప్పకుండా విను. పందిట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే మైకు జాలీ పెదవికి తగలగానే షాక్ కొట్టొచ్చు. ప్రాణం మీదికి వచ్చే పని. ఆంప్లిఫయర్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉందా, ఆ ఎర్త్ నిజంగా పనిచేస్తోందా అని ఆపరేటర్‌ని అడుగు. పెద్దవాడు, ఏమనుకుంటాడో అని మొహమాటపడకు. చూసి చెప్పేదాకా మైకు పట్టుకోకు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పాడొద్దు.

సొంత మైకు అంటున్నావు కాబట్టి, దాన్ని శుభ్రంగా ఉంచుకోవడమూ నీ పనే. జాలీ తిప్పితే ఊడుతుంది. లోపలి స్పాంజిని అప్పుడప్పుడు సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించు. పనిచేస్తోందా అని ఎవరూ మైకులోకి ఊదకుండా, దాన్ని తట్టకుండా చూడు.

బిల్లు తీసుకో, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించు. వచ్చే ఆదివారం నేను ఖమ్మం వస్తున్నాను, అప్పటిదాకా ఆగగలిగితే ఇద్దరం కలిసే వెళ్దాం. మీ ఆంప్లిఫయర్ వెనక సాకెట్ల ఫోటో తీసి పంపు, వైరు ఏది కావాలో చెబుతాను.

మీ మామయ్య